మౌనగడువు

ఒప్పుకునేవాడు నోరు మూసుకోవాలి. బ్రసెల్స్‌లో ఆ ఆఫీసుకు కొత్తగా ఎవరొచ్చినా మొదటి కాఫీతో పాటే చెవిన వేసే మాట ఇది. యూరప్ దేశాల సైన్యాలకు కావలసిన బండ్లూ గుడారాలూ ఆయుధాలూ ఎవరికి వారు కాకుండా అందరూ కలిసి ఒకే కొలతతో తయారుచేయించుకోవాలని పెట్టుకున్న ఆఫీసు అది. అన్ని దేశాలూ సరేనంటేనే ఏ కాగితమైనా చెల్లుతుంది. ఇరవై పైచిలుకు దేశాల చేత ఒకేసారి సరేననిపించడం ఎవరి తరం? అందుకని పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. కాగితాన్ని అందరికీ పంపి, ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండు దాకా గడువిస్తారు. ఆలోగా ఎవరూ ఏమీ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. దాన్ని మౌనగడువు అంటారు. ఎవరైనా ఒక్క ముక్క రాశారా, మౌనం చెడినట్టు. మళ్ళీ అందరూ వచ్చి కూర్చుని, కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివించుకుని తేల్చుకోవాలి.

ఒక్క ముక్క అంటే ఏ ముక్కైనా సరే. ఆ సంగతి తెలియకే పోర్చుగల్ నుంచి వచ్చిన కుస్తోదియు వచ్చిన నెలలోనే అభాసుపాలయ్యాడు. మహా మర్యాదస్తుడాయన. బండ్లు లాగే తాళ్ళ నాణ్యత మీద వచ్చిన కాగితానికి, గడువు ఇంకా ఒక రోజుందనగా, "చాలా బాగుంది, సంతోషంగా ఒప్పుకుంటున్నాం, ధన్యవాదాలు" అని జవాబు రాశాడు. ఆఫీసు కార్యదర్శి గొడెలీవ్ కళ్ళజోడు సవరించుకుని, "రాత వచ్చింది, మౌనం చెడింది" అంది. ఎక్కడెక్కడి వాళ్ళో విమానాలెక్కి వచ్చి, తాళ్ళ గురించి నలభై పేజీలు కూర్చుని విన్నారు. ఆనాటి నుంచి ఆయన పేరు ధన్యవాదాల దొర. ఏడేళ్ళయినా ఆ పేరు పోలేదు, ఆయన మర్యాదా పోలేదు.

అసలు పన్నెండంటే ఎవరి పన్నెండు అని ఇంకో తగువుండేది. లిస్బన్‌లో గంట తక్కువ, హెల్సింకీలో గంట ఎక్కువ. ఒకరి కంప్యూటరు ఒకటి చెబితే ఇంకొకరిది ఇంకొకటి. తగువు తెగక, గొడెలీవ్ గదిలోని గోడ గడియారం ఎంత చెబితే అంతే అని నిబంధనల్లో రాసుకున్నారు. ఆమె దాన్ని ప్రతి సోమవారం రేడియోలో చెప్పే టైముతో సరిచూసేది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ అరనిమిషం సడలింపు ఇచ్చిన మనిషి కాదు. ఆమె ముందు అబద్ధమాడాలంటే రాయబారులకే నోరెండిపోయేది.

ఇక విటోమిర్ కోస్మాచ్ సంగతి. స్లొవేనియా తరఫున పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో కూర్చుంటున్న మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. నోట్లో నాలుక లేనివాడని పేరు. ఆ గదిలో మనుషుల పేర్లు పలకరు, దేశాల పేర్లే పలుకుతారు. డెన్మార్క్ కోప్పడింది, ఇటలీ ఆలస్యంగా వచ్చింది అంటారు. మాట్లాడాలనుకున్నవాళ్ళు ముందున్న పేరు ఫలకాన్ని నిలువుగా నిలబెట్టాలి. స్లొవేనియా ఫలకం నెలల తరబడి పడుకునే ఉండేది. లేచిందంటే మాత్రం అది స్ట్రెచర్ గురించే.

అవును, స్ట్రెచరే. విమానాల మీదా ట్యాంకుల మీదా పెద్ద పెద్దవాళ్ళు కొట్టుకుంటుంటే, గాయపడ్డవాణ్ణి మోసే మంచం ఎవరికి పట్టింది? ఈయనకు పట్టింది. ఈయన ఒకప్పుడు సైన్యంలో వైద్య సార్జెంటు. కొసావో కొండల్లో నాలుగైదు దేశాల సైన్యాలు కలిసి కాపలా కాస్తున్న రోజుల్లో ఒక బండి లోయలోకి దొర్లింది. ఆన్జే అని ఇరవై రెండేళ్ళ సిపాయి, నడుం దెబ్బతింది. తమ స్ట్రెచర్ మీద పడుకోబెట్టి రోడ్డు దాకా తెచ్చారు. అక్కడ సిద్ధంగా ఉన్న అంబులెన్సు వేరే దేశానిది. దాని పట్టాల మీద వీళ్ళ స్ట్రెచర్ కాళ్ళు కూర్చోలేదు. నాలుగు వేళ్ళ తేడా. మనిషిని ఎత్తి వాళ్ళ స్ట్రెచర్ మీదికి మార్చారు. ఆ అంబులెన్సు దింపిన చోట హెలికాప్టర్ మూడో దేశానిది, మళ్ళీ మార్చారు. ఆస్పత్రి బండి దగ్గర ఇంకోసారి. మూడుసార్లూ నడుం దగ్గర పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది విటోమిరే. మూడోసారి ఆ కుర్రాడు పెట్టిన కేక ఈయన చెవుల్లోంచి ఇన్నేళ్ళకూ పోలేదు.

ఆన్జే బతికాడు. కాళ్ళు మాత్రం రాలేదు. మొదటి దెబ్బకే పోయాయో, మార్చడంలో పోయాయో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ చెప్పలేకపోవడమే విటోమిర్‌ను తినేసింది. ఆన్జే ఇప్పుడు స్లొవేనియాలో తొల్మిన్ అనే ఊరి దగ్గర ఇంట్లో, చక్రాల కుర్చీలో కూర్చునే తేనెటీగలు పెంచుతున్నాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఒక తేనె సీసా బ్రసెల్స్‌కు పంపుతాడు. సీసాకు దారంతో కట్టిన చీటీ మీద ఒకే మాట ఉంటుంది: "అయిందా?" పదకొండు సీసాలొచ్చాయి. పదకొండుసార్లూ ఈయన "ఇంకా లేదు, నాయనా" అనే రాశాడు.

ఏ సైన్యం స్ట్రెచరైనా ఏ సైన్యం అంబులెన్సులోనైనా దిగాలి, మనిషిని మార్చే పని ఉండకూడదు. విటోమిర్ కోరిందల్లా ఇంతే. గుడ్డ ఎంత మందం, పిడి ఎంత పొడవు, గొట్టం ఏ లోహం అని ఒక్కో దానికీ ఒక్కో ఏడాది పట్టింది. ఏ దేశం ఫ్యాక్టరీ ఏ ముక్క చేయాలన్న దగ్గర రెండేళ్ళు ఆగింది. చివరికి అరవై ఒక్క పేజీల ముసాయిదా తయారైంది. అందులో కాళ్ళ మధ్య దూరానికి ఒకే ఒక్క కొలత ఉంది. విటోమిర్ ఆ పేజీని తన బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో, రెండు పెద్ద దేశాల వాళ్ళు కాఫీ మిషను దగ్గర నిలబడి తొమ్మిదో నిబంధన మార్చేశారు. ఏ దేశాలో పేర్లెందుకు లెండి. ఇద్దరి ఫ్యాక్టరీల్లోనూ పాత కాళ్ళ అచ్చులున్నాయి, ఎవరూ తమవి మార్చుకోరు. దాంతో కొలత కొట్టేసి ఇలా రాశారు: "కాళ్ళ మధ్య దూరాన్ని ఏ దేశానికి ఆ దేశం తన అలవాటు ప్రకారం నిర్ణయించుకోవచ్చు." గుడ్డ ఒకటే, పిడి ఒకటే, గొట్టం ఒకటే. కాళ్ళు ఎవరివి వారివి. ఇంత చక్కటి ఉమ్మడి స్ట్రెచర్ భూప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. సోమవారం కాగితం అందరికీ వెళ్ళింది. గురువారం పన్నెండు దాకా మౌనగడువు.

సోమవారం మధ్యాహ్నమే విటోమిర్ తమ రాజధాని లుబ్లియానాలో ఉన్న తన డైరెక్టరుకు ఫోన్ చేశాడు. డైరెక్టరు ఈయనకన్నా పదిహేనేళ్ళు చిన్న, మంచివాడే, కానీ తొందర మనిషి. వచ్చే నెలలో మంత్రులు సంతకాలు పెట్టాలని, ఆ పెద్ద దేశాల సాయం తమకు వేరే ఫైల్లో కావాలని చెప్పుకొచ్చాడు.

"కాళ్ళే కలవకపోతే అది ఉమ్మడిదెలా అవుతుందండీ?" అన్నాడు విటోమిర్.

"పేరు ఉమ్మడిదేగా. చూడండి విటోమిర్ గారూ, మీరు మళ్ళీ ఆ కాళ్ళ పురాణం ఎత్తకండి. మనం పూర్తిగా ఒప్పుకుంటున్నాం. అభ్యంతరమన్న మాట మీ దగ్గర్నుంచి రాకూడదు. తెలిసిందా?"

"తెలిసిందండీ. మనం పూర్తిగా ఒప్పుకుంటున్నాం."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. పైవాళ్ళ మాట జవదాటడం ఆయన ఒంట్లో లేదు. ముప్ఫై ఆరేళ్ళ సర్కారు ఉద్యోగంలో ఒక్కసారి కూడా దాటలేదు. డిసెంబర్‌లో పన్నెండో సీసా వస్తుంది. "అయింది" అని రాయాలి. మంత్రులు సంతకాలు పెట్టాక అయినట్టే కదా మరి. ఆ అబద్ధం ఎలా రాయడమన్నదే ఆయన దిగులు.

బుధవారం క్యాంటీన్‌లో కుస్తోదియుతో కలిసి భోజనం చేస్తున్నాడు. పక్క బల్ల దగ్గర ఎవరో కొత్తగా వచ్చినవాడికి పాత కథ చెబుతున్నారు. అదిగో ఆయనే ధన్యవాదాల దొర అని చూపిస్తున్నారు. కుస్తోదియు ఫోర్కు పైకెత్తి వాళ్ళకు ఒక నమస్కారం పడేసి ఇటు తిరిగాడు.

"చూశావుటయ్యా స్లొవేనియా? కాదన్నవాళ్ళను మర్నాడే మర్చిపోతారు. అవునన్న పాపానికి నన్ను ఏడేళ్ళుగా ఏడిపిస్తున్నారు."

విటోమిర్ చేతిలో చెంచా ఆగిపోయింది. సూపు చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. ఒంట్లో బాగా లేదా అని కుస్తోదియు రెండుసార్లు అడిగాడు.

గురువారం పొద్దున తొమ్మిదింటికే ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఒక వాక్యం రాశాడు: "స్లొవేనియా పూర్తిగా ఒప్పుకుంటోంది." డైరెక్టరు చెప్పిన మాటే, మనం అన్నచోట దేశం పేరు పెట్టాడంతే. అందులో అభ్యంతరం లేదు, ఫిర్యాదు లేదు. పంపితే మాత్రం మౌనం చెడుతుంది. చెడితే కాగితం పైకి చదువుతారు. చదివితే తొమ్మిదో నిబంధన కనీసం గాలిలో వినబడుతుంది. అంతకుమించి తన చేతుల్లో ఏమీ లేదు.

పంపడానికి చెయ్యి రాలేదు. నిన్నగాక మొన్న వచ్చినవాడు చేసే తప్పు పదకొండేళ్ళ పాతకాపు చేస్తే ఏమంటారు? ముసలాడికి మతి పోయిందంటారు. లుబ్లియానాకు వెనక్కి పిలిపిస్తారు. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ ఏ రికార్డుల గదిలోనో కూర్చోబెడతారు. పదకొండైంది. పదకొండున్నరైంది. కాఫీ తెచ్చుకున్నాడు, తాగలేదు. సాసర్‌లోని దాల్చినచెక్క బిస్కెట్‌ను పొడి పొడి చేశాడు. ఆ కేక గుర్తొచ్చింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టిన తన గొంతు అంతకన్నా గట్టిగా గుర్తొచ్చింది. అప్పుడు మీట నొక్కాడు. నొక్కి గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటి ఒక నిమిషం.

చేతకానివాడా, ఒక మంచిపని చేయబోయి దాన్ని కూడా సమయానికి చేయలేకపోయావా అని తనను తాను తిట్టుకున్నాడు. అంతా అయిపోయిందని కోటు తొడుక్కుంటుంటే కంప్యూటరు టింగుమంది. గొడెలీవ్ నుంచి అన్ని దేశాలకూ నోటీసు. "పన్నెండు కావడానికి ఒక నిమిషం ముందు స్లొవేనియా నుంచి రాత అందింది. మౌనం చెడింది. మంగళవారం పది గంటలకు సమావేశం, కాగితం పూర్తిగా చదవబడుతుంది." విటోమిర్ దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. చేతి గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మామూలుగానే నడుస్తోంది.

ఆ సాయంత్రం డైరెక్టరు ఫోన్‌లో కోప్పడలేదు, అంతకన్నా కష్టంగా జాలిపడ్డాడు. విశ్రాంతి తీసుకోమన్నాడు. సమావేశంలో మాత్రం ఫలకం లేపొద్దని, ఒప్పుకున్నామన్న మాట తప్ప ఇంకేమీ అనొద్దని ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు.

మంగళవారం అందరూ మొహాలు మాడ్చుకునే వచ్చారు. పొద్దున్నే విమానమెక్కినవాళ్ళు ఆవలిస్తున్నారు. స్లొవేనియాకు ఆనందమొస్తే మనకు చాకిరీ వచ్చిందని ఎవరో అంటే నలుగురు నవ్వారు. కుస్తోదియు మాత్రం లేచి వచ్చి, ఇన్నాళ్ళకు తన బిరుదుకు వారసుడు దొరికాడని విటోమిర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. చైర్మన్ కుర్చీలో ఆ ఆరునెలలూ ఫిన్లాండ్ కర్నల్ హెల్వీ. ఆమె పెదవి విరిచి, గొడెలీవ్‌కు చదవమని సైగ చేసింది.

గొడెలీవ్ చదువు వింటే పసిపిల్లలు కూడా పడుకుంటారు. ఎత్తూ పల్లమూ ఉండదు. ఒకటో నిబంధన, రెండో నిబంధన. గుడ్డ, పిడి, గొట్టం. సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. విటోమిర్ రెండు చేతులూ ఫలకం మీద పెట్టుకుని కూర్చున్నాడు, అది తనంతట తాను లేస్తుందేమోనన్నట్టు. తొమ్మిదో నిబంధన వచ్చింది. కాళ్ళ మధ్య దూరాన్ని ఏ దేశానికి ఆ దేశం తన అలవాటు ప్రకారం నిర్ణయించుకోవచ్చు. ఒక్కరూ తలెత్తలేదు. ఆయన ప్రాణం ఉసూరుమంది.

గొడెలీవ్ పదో నిబంధనకు పోలేదు. గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె చదువు మధ్యలో నీళ్ళు తాగడం ఎవరూ చూడలేదు. నెమ్మదిగా, గుటక గుటకకూ ఆగుతూ తాగింది. గదిలో చప్పుడు పోయేసరికి ఫోన్లు చూస్తున్నవాళ్ళు ఏమైందని తలలెత్తారు. అప్పుడు పోర్చుగల్ ఫలకం లేచింది.

"క్షమించండి, ధన్యవాదాలు. ఆ చివరి ముక్క నాకు సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చదువుతారా?" అన్నాడు కుస్తోదియు.

ఆమె మళ్ళీ చదివింది. ఈసారి అందరూ విన్నారు.

హెల్వీ కళ్ళజోడు తీసింది. ఆమె కూడా ఒకప్పుడు అంబులెన్సు దళం నడిపిన మనిషి. "ఒక్క నిమిషం. గుడ్డా పిడీ అందరికీ ఒకటే, కాళ్ళు మాత్రం ఎవరిష్టం వారివా? అయితే ఇందాకటి నుంచి మనం దేని గురించి వింటున్నట్టు?"

మొదటి పెద్ద దేశం ఆయన గొంతు సవరించుకుని, అది తమ కోరిక కాదని, పక్కవారి ఇబ్బంది చూసి మర్యాదకు ఒప్పుకున్నామని అన్నాడు. రెండో పెద్ద దేశం ఆవిడ ఎర్రబడి, మేమూ మీ ఇబ్బంది చూసే ఒప్పుకున్నాం, మాకేం అక్కర్లేదంది. కాఫీ మిషను దగ్గర గుసగుసగా నడిచిన మాట, ఇరవై దేశాల ముందు పైకి చదివేసరికి ఎవరిదీ కాకుండా పోయింది. గది మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరికీ అక్కర్లేని వాక్యం ఇక్కడెందుకు? తీసేసి, పాత కొలత పెట్టేద్దాం. అభ్యంతరమున్నవాళ్ళు ఫలకం లేపండి," అంది హెల్వీ.

మొదటి పెద్ద దేశం చెయ్యి ఫలకం దాకా వెళ్ళి, పక్కనున్న కలం తీసుకుని వెనక్కి వచ్చింది. ఒక్క ఫలకం కూడా లేవలేదు. గొడెలీవ్ ఎర్ర సిరాతో వాక్యం కొట్టేసి, పదో నిబంధన చదవడం మొదలుపెట్టింది. విటోమిర్ తల దించుకుని జేబు రుమాలు వెతుక్కున్నాడు.

నెల తిరక్కుండానే ఆయనకు ఇంటికి పిలుపొచ్చింది. అనుకున్నట్టే రికార్డుల గది. ఆఫీసులో పాత బిరుదు కుస్తోదియు నుంచి ఈయనకు బదిలీ అయింది. చెప్పి వెళ్దామని ఆఖరి రోజు గొడెలీవ్ గదికి వెళ్ళాడు. ఆమె కాఫీ ఇచ్చింది. గోడ గడియారం వైపు చూసి, తన చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ ఒకటే టైము చూపిస్తున్నాయి.

"గడియారం బాగు చేయించారన్నమాట," అన్నాడు.

"పాడైతే కదండీ బాగు చేయించడానికి," అంది గొడెలీవ్. బిస్కెట్ల పళ్ళెం ఆయన వైపు జరిపి, "మా చిన్నన్నయ్య కూడా సైన్యంలో అంబులెన్సు నడిపాడు. ఎప్పుడూ చెప్పలేదు కదూ మీకు?" అంది.

ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఒక బిస్కెట్ తీసుకున్నాడు. ఈసారి పొడి చేయలేదు.

ఖాళీ అయిన తన గదిలోకి వచ్చి, పెట్టెల మధ్య నిలబడి తొల్మిన్‌కు ఫోన్ చేశాడు. డిసెంబర్ దాకా ఆగడం ఆయన వల్ల కాలేదు. ఆన్జే ఎత్తాడు. వెనకాల తేనెటీగల రొద వినబడుతోంది.

"అయింది, నాయనా," అన్నాడు విటోమిర్.

"కాళ్ళు కూడానా, సార్జెంట్ గారూ?"

"కాళ్ళు కూడా. ఎవడి బండైనా, ఎవడి మంచమైనా. ఇక మనిషిని మార్చే పని లేదు."

అవతల చాలాసేపు మాట లేదు. విటోమిర్ తొందరపెట్టలేదు. మౌనం ఎంతసేపైనా ఓపిక పట్టడం ఆయనకు అలవాటైన పనే. చివరికి ఆన్జే నోరు విప్పాడు.

"మొదటిసారి మార్చకముందే నాకు కాళ్ళలో స్పర్శ పోయిందండీ. మూడోసారి అరిచింది నొప్పికి కాదు, మీరు ఏడుస్తుంటే భయమేసి అరిచాను. ఇన్నేళ్ళూ చెబుదామనుకున్నాను. చెబితే మీరు ఈ పని ఎక్కడ వదిలేస్తారోనని ఊరుకున్నాను."

విటోమిర్ పక్కనున్న పెట్టె మీద కూర్చుండిపోయాడు. కిటికీ అవతల ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

"ఉన్నారా?" అన్నాడు ఆన్జే.

"ఉన్నాను."

"అయితే ఈ ఏడాది తేనె ఎక్కడికి పంపమంటారు?"

విటోమిర్ లుబ్లియానా చిరునామా నెమ్మదిగా, అతను రాసుకునేలా, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.